నేను కొట్టివేసిన అయిదు రాళ్లు

మీ ఇంటి కాగితాలన్నీ రేపు పొద్దున కాలి బూడిదైతే, ఆ ఇల్లు మీదేనని దేన్ని చూపించి రుజువు చేస్తారు?

తొందరపడి జవాబు చెప్పకండి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నకలు ఉంటుందని, కరెంటు బిల్లు ఉంటుందని అనకండి. అవీ కాగితాలే. గోడలు చూపిస్తారా? గోడల మీద మీ పేరు లేదు. పక్కింటివాళ్లను పిలుస్తారా? వాళ్లు మీ చుట్టాలు, మీ వైపే మాట్లాడతారు అని ఎదుటివాడు కొట్టిపారేస్తే ఏం చేస్తారు?

ఈ ప్రశ్న నేను పుట్టించింది కాదు. ఇల్లందుకూ భద్రాచలానికీ మధ్య, అడవి అంచున ఉన్న ఒక గూడెం నుంచి వచ్చిన ముసలావిడ నన్ను అడిగింది. అప్పుడు నేను నవ్వి ఒక జవాబు చెప్పాను. ఆ పూటే, అదే ధీమాతో, ఆమె దరఖాస్తులో ఒక వాక్యం కొట్టివేశాను. ఆమె మూడెకరాల చేను ఆ వాక్యంతోపాటు పోయింది.

నేను వైరాలో ఉంటాను. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఆ తర్వాతా, సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి మూఢనమ్మకాల మీద మాట్లాడాను. నిప్పుల మీద నడవడంలో మహిమేమీ లేదని నడిచి చూపించాను. చేతబడి చేసిందన్న అనుమానంతో ఒక ముసలమ్మ పళ్లు రాలగొట్టిన ఊరికి వెళ్లి, కొట్టినవాళ్ల ముందే నిలబడి వాదించాను. రాయి, చెట్టు, బూడిద అన్న మాటలు వినబడితే నా ఒళ్లు మండేది. ఆ మంట అకారణం కాదని ఇప్పటికీ అంటాను. నమ్మకం పేరు చెప్పి మనిషిని కొట్టడం నా కళ్లతో చూశాను.

ఇల్లందులో అట్లాంటి సభ ఒకటి ముగిశాక ఒకామె వచ్చింది. జిల్లా పరిషత్తుకు కొత్తగా ఎన్నికైన సభ్యురాలినని చెప్పింది.

"సార్, మాట్లాడుడు మంచిగనే ఉన్నది. రాసుడు వస్తదా మరి?" అంది.

చురక తగిలింది. వస్తుందన్నాను.

"అయితే రెండో సోమవారం రాండ్రి. పొద్దుగాల్నే రావాలె. మైకు ఉండదు, దండ ఉండదు. చాయ్ మాత్రం పోయిస్త."

ఆమె తండ్రి భూమి కింద బొగ్గు తవ్విన మనిషి. వాళ్లు కోయవాళ్లే గానీ ఆమె గని క్వార్టర్లలో పుట్టి, చర్చి బడిలో చదివి పెరిగింది. తాతల భాష నాలుగు మాటలకు మించి రాదు. ఆదివారం తప్పకుండా ప్రార్థనకు వెళుతుంది. నాకు దేవుడు లేడని తెలిసి, "ఫర్వాలే సార్, ఆయనకు మీరున్నరు," అని నవ్వేది.

నెలకొకసారి, రెండో సోమవారం, పాత గోదాము వరండాలో ఆమె అర్జీలు తీసుకుంటుంది. నేను వైరాలో మొదటి బస్సెక్కి వెళ్లేవాణ్ని. అక్కడ ఒకటే కుర్చీ. అందులో అర్జీదారు కూర్చోవాలి. ఆమె, నేను బెంచీ మీద. వచ్చిన ఆఫీసువాళ్లు కూడా బెంచీ మీదే, లేదంటే నిలబడి. మొదటిసారి కుర్చీలో కూర్చోవడానికి జంకిన ముసలివాళ్లను ఆమె భుజం పట్టి కూర్చోబెట్టేది.

ఇంకో పద్ధతి ఉంది. ఏ నెలైనా ఆమె నోటి నుంచి వచ్చే మొదటి మాట ఒకటే: "పోయిన నెల కానోళ్లు ముందు రాండ్రి." పని అయినవాళ్లు సంతోషంగా చెప్పడానికి వస్తారు కదా, వాళ్లతో మొదలుపెట్టవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"అయినోళ్లతోటి మొదలువెడితే నాకు బలుపొస్తది సార్. కానోళ్లతోటి మొదలువెడితే తలకాయ కిందికుంటది," అంది.

అర్జీలు ఎన్ని రకాలైనా ఎక్కువ భాగం రెండే. అడవి కొట్టి చేసుకున్న పోడు భూమికి హక్కు కావాలి, చేతులకు పని కావాలి. ఉపాధి పని అడిగితే పదిహేను రోజుల్లో చూపించాలని చట్టం. అయితే ఏ రోజు అడిగారో కాగితం మీద లేకపోతే ఆ పదిహేను రోజులు ఎప్పటికీ మొదలుకావు. అందుకని, తారీకు వేసిన రసీదు చేతికిచ్చే దాకా ఆమె ఆఫీసు గుమస్తాను కదలనిచ్చేది కాదు.

"మేడం, రసీదు బుక్కు అయిపోయింది," అన్నాడు ఒక నెల ఆ గుమస్తా.

"బుక్కు అయిపోతే నీ చెయ్యి అయిపోయిందా? తెల్లకాగితం మీద రాసియ్యి. సారు పెన్నిస్తడు."

నేను పెన్ను ఇచ్చాను. జనం నవ్వారు. ఆ రోజులు నాకు బాగుండేవి. జీవితమంతా వేదికల మీద చేసిన వాదాలకు అక్కడ, ఆ వరండాలో, కాళ్లూ చేతులూ వచ్చాయనిపించేది.

పోడు దరఖాస్తులు మళ్లీ తీసుకుంటున్నారని ప్రకటన వచ్చిన ఏడాది వరండా సరిపోలేదు. జనం రోడ్డు దాకా నిలబడ్డారు. ఆ రద్దీలోనే ఆ ముసలావిడ వచ్చింది. చేతిలో కూల్‌డ్రింకు సీసా, దాంట్లో జావ. కుర్చీలో కూర్చోమంటే కింద కూర్చుంది. సభ్యురాలు లేపి కూర్చోబెట్టింది.

"చేను ఎన్నేళ్ల సంది చేసుకుంటున్నవ్ అవ్వా?" అని అడిగాను. వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ నా నోటికి కూడా ఆ మాట వచ్చింది.

"నా పెండ్లయిన కాడ్నించి. అంతకు ముందు మా అత్త. మా అత్తకు ముందు ఎవలో, నేను సూడలే."

"కాగితం ఏమన్నా ఉన్నదా? జుర్మానా కట్టిన రసీదు?"

ఇది ఎందుకు అడుగుతామో చెప్పాలి. వెనకటి రోజుల్లో అడవి కొట్టి చేను చేశారని జనాన్ని పట్టుకుని జుర్మానా వేసేవారు. అప్పుడిచ్చిన రసీదు ఇవాళ ఆ చేను ఆనాటికే వాళ్ల సాగులో ఉందనడానికి గట్టి ఆధారం. నేరం చేశావని ఇచ్చిన కాగితం దాచుకున్నవాడు ఈ రోజు హక్కుదారు. అది కూడా లేనివాడు ఏమీ లేనివాడు.

"ఉండె," అంది. "మా ఆయన దూలం సందుల పెట్టిండు. చెదలు తిన్నయ్."

"మరి ఆ చేను నీదని ఎట్ల చెప్తవ్?"

ఆమె నన్ను వింతగా చూసింది. అంత పెద్దమనిషికి ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "రాళ్లున్నయ్ గద సారూ."

ఆ కోయ గూడేల్లో చనిపోయినవాళ్ల పేరున నిలువు రాయి పాతుతారు. వాగు నుంచో గుట్ట నుంచో అంత పొడుగు రాయిని కులపోళ్లంతా మోసుకొచ్చి నిలబెట్టి, దానికి ఆవు తోక కడతారు. ఆమె చేనుకు ఎగువన అట్లాంటివి అయిదు ఉన్నాయి. వేళ్లు మడుస్తూ చెప్పింది. "ఒకటి మా మామ తండ్రిది. ఒకటి మా మామది. ఒకటి మా అత్తది. ఒకటి మా ఆయనది. చిన్నది నా పెద్దకొడుకుది." అయిదో వేలు మడిచి అట్లాగే పట్టుకుని కూర్చుంది. "నాది కూడ ఆడ్నే నిలపాలె. మా ఆయన పక్కకు జాగ ఇడిసిపెట్టిన."

దరఖాస్తులో సాక్ష్యాలు రాయడానికి ఒక చోటు ఉంటుంది. అక్కడ మొదట రాశాను: చేనులో పూర్వీకుల పేరున నిలిపిన రాళ్లు అయిదు. రాసి ఆగాను. నేను అనుకున్నది ఇది: ఆఫీసరు చదివి నవ్వుతాడు, అర్జీ తేలిపోతుంది. ఇది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, చచ్చినవాళ్ల రాళ్లను సాక్ష్యం అని రాయడానికి నా చేయి ఒప్పుకోలేదు. ఇన్నేళ్లు ఏ మాటల మీద యుద్ధం చేశానో ఆ మాటలనే నా దస్తూరీతో సర్కారుకు పంపించనా? వాక్యం మీద గీత గీశాను. ఒకటి చాలదన్నట్టు రెండోది కూడా గీశాను.

"అవ్వా, రాళ్లను చూసి భూమి ఇవ్వరు. మనుషుల సాక్ష్యం కావాలె," అన్నాను.

"మనుషులు సచ్చిపోతరు సారూ. రాళ్లు యాడికి పోతయ్?" అంది. ఆగి, నిజంగానే తెలుసుకోవాలని, ఎగతాళి లేకుండా అడిగింది: "కాగితం కాలిపోతే మీ ఇల్లు మీదని మీరెట్ల చెప్తరు?"

"అందుకే నేను కాగితం జాగ్రత్తగా పెట్టుకుంటా," అని నవ్వాను.

ఆమె కూడా నవ్వింది. పెద్దమనుషులు నవ్వితే తామూ నవ్వడం వాళ్ల మర్యాద.

సభ్యురాలు సంతకానికి కాగితం తీసుకుంటూ, "ఏంది సార్, కొట్టేసిన్రు?" అంది. మూఢనమ్మకమని, అర్జీ బలహీనపడుతుందని చెప్పాను. బయట రోడ్డు దాకా జనం. ఆమె నన్ను నమ్మి సంతకం పెట్టింది. ముసలావిడ మరిది ఇచ్చిన వాంగ్మూలం ఒక్కటే సాక్ష్యంగా దరఖాస్తు వెళ్లింది.

తర్వాత నెల నుంచి "పోయిన నెల కానోళ్లు" అనగానే లేచేవాళ్లలో ఆమె ఒకతె. గూడెం నుంచి బస్సు ఆగే చోటికి రెండు గంటల నడక. జావ సీసా తాగకుండా తెచ్చి, వరండాలో తాగేది. మేం చెప్పేది ఒకటే: పైకి పోయింది, చూస్తున్నరు. "పైకంటే యాడికి బిడ్డా?" అని సభ్యురాలిని అడిగింది ఒకసారి. సభ్యురాలు చాయ్ ఇప్పించింది. ఒక వానాకాలం, ఒక చలికాలం అట్లాగే గడిచాయి.

ఆ ఎండాకాలం ఆ గూడెం అంతా కలిసి పని కావాలని వచ్చారు. అడవిలో తునికాకు సరిగా లేదు, మిరప కోతలకు పోయినవాళ్లు తిరిగొచ్చారు, ఇంట్లో గింజలు అడుగంటాయి. జాబ్‌కార్డులన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టుకొచ్చారు. నేను దరఖాస్తు రాశాను. సభ్యురాలు రసీదు తీయించింది. పదిహేను రోజులు వేళ్ల మీద లెక్కపెట్టి, పదహారో రోజు ఆఫీసు గడప మీద కూర్చుంది. పని మంజూరైంది. ఫోన్‌లో ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతులో సంబరం నాకిప్పటికీ గుర్తుంది. "సార్, ఊరు మొత్తానికి పని. ఒక్క కార్డు కూడ మిగల్లే."

నెలకొకసారి పనిచోటుకు వెళ్లి నీడ ఉందా, నీళ్లు ఉన్నాయా చూడటం ఆమెకు అలవాటు. ఆ నెల నన్నూ రమ్మంది. మోటారుసైకిళ్ల మీద గూడెం దాటి, ఇప్పచెట్ల మధ్య నుంచి వెళ్లాం. దూరం నుంచే గడ్డపారల చప్పుడు. తెల్లగా ముగ్గు పోసిన గీత వెంట నలభై మంది కందకం తవ్వుతున్నారు. ఇవతల గూడెం, అవతల అడవి. అవతలి భాగంలో మొక్కలు నాటుతారు కాబట్టి పశువులు, మనుషులు దాటకుండా ఈ కందకం.

కందకం అవతల, కాస్త ఎత్తున, పోయిన పంట మోళ్లు ఉన్న చేను కనిపించింది. దాని పైఅంచున అయిదు రాళ్లు. నాలుగు నిలువెత్తువి, ఒకటి నడుము దాకా.

నేను ఆ రాళ్లను అంతవరకు చూడలేదు. రాసి కొట్టివేశానే గానీ చూడలేదు.

ముసలావిడ వరసలో మూడో మనిషి. చేనుకు వీపు పెట్టి తవ్వుతోంది.

సభ్యురాలు కందకం గట్టు మీద గొంతుక్కూర్చుంది. "అవ్వా, ఈ పనికి నువ్వెందుకొచ్చినవే?"

"నువ్వే గద బిడ్డా పని అడిగితివి. వద్దంటే మళ్ల ఇస్తరా?"

"నీ చేను సంగతి తేలలే గద ఇంకా."

"తేలిందంట. రాలేదంట. ఫారెస్టోళ్లు ముగ్గు పోసేటప్పుడు చెప్పిన్రు."

పక్కన తవ్వుతున్న ఆమె మరిది కొడుకు గడ్డపార ఆపి అన్నాడు: "అక్కా, ఎట్లయినా తవ్వేటిదే అయితే మేం తవ్వుడే నయం. వేరేటోళ్లయితే లోతు తవ్వుతరు. మేమయితే దాటేటట్టు తవ్వుతం."

వరసంతా నవ్వింది. పని కొలిచే మేట్‌గా ఉన్న అమ్మాయి టేపు పట్టుకుని, "నవ్వుర్రి, నవ్వుర్రి. కొలతలొచ్చినప్పుడు నన్ను తిడతరు," అని తనూ నవ్వింది. ముసలావిడ కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పని కావాలని రాసింది నేను. ఆ పని ఏమిటో అడగనిది నేను. హక్కు కోసం ఒక కాగితం, పని కోసం ఒక కాగితం, రెండూ నా దస్తూరీయే. రెండూ వచ్చి ఆమె చేను దగ్గర కలుసుకున్నాయి.

నోటిమాటతో తిరస్కరించడం చెల్లదని, కారణం రాసి ఆమె చేతికివ్వాలని సభ్యురాలు ఆఫీసుల చుట్టూ తిరిగింది. దరఖాస్తు తేలేదాకా సాగుదారును కదిలించరాదని చట్టంలోనే ఉందని వాదించింది. చివరికి కాగితం వచ్చింది. కారణం ఒకే వాక్యం: తగిన సాక్ష్యాలు లేవు. ఒకటికి మించి ఉండాలి, ఒకటే ఉంది.

అదే నెల అర్జీల రోజున పక్క గూడెం నుంచి కొందరు పట్టాలు వచ్చాయని చెప్పడానికి వచ్చారు. వాళ్ల దరఖాస్తులు అంగన్‌వాడీ టీచరు రాసిందట. ఆమె కూడా వచ్చింది, నకళ్లు తెచ్చింది. చూశాను. సాక్ష్యాల దగ్గర ఒక దరఖాస్తులో ఇట్లా ఉంది: మా తాతల రాళ్లు ఏడు చేనులో ఉన్నవి, ఊరంతా ఎరుగును.

"అమ్మా, ఇది ఎందుకు రాశావు?" అని అడిగాను.

"వాళ్లు గట్లనే చెప్పిన్రు సార్. చెప్పింది రాసిన," అంది, తప్పు చేశానా అన్నట్టు చూస్తూ.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, సంచిలో ఏళ్లుగా మోస్తున్న అటవీ హక్కుల నిబంధనల పుస్తకం తీశాను. వరండాలో ఆఫీసువాళ్ల ముందు దాన్ని ఊపి మాట్లాడినవాణ్ని. ఏయే సాక్ష్యాలు ఒప్పుకోవచ్చో చెప్పిన చోట బావులు ఉన్నాయి, శ్మశానాలు ఉన్నాయి, పవిత్ర స్థలాలు ఉన్నాయి. స్పష్టంగా అచ్చువేసి ఉన్నాయి. నేను ఆ పేజీ చదివాను, ఒకటికి రెండుసార్లు. చదివినప్పుడు ఆ మాటల మీద నుంచి దాటిపోయి ఉంటాను. నమ్మకం వాసన వేసిన మాట కంటికి ఆనదు కదా.

తర్కం చెప్పినవాణ్ని, తర్కంలోనే ఎక్కడ తప్పానో చెప్పుకోవాలి. ఆ రాయిలో ఆమె మామ ఉన్నాడా లేడా అన్నది ఒక ప్రశ్న. లేడు. ఇప్పటికీ అదే అంటాను. ఆ రాయి ఆ చేనులో ఎన్నేళ్లుగా ఉంది, దాన్ని ఎవరు నిలబెట్టారు అన్నది ఇంకో ప్రశ్న. చట్టం అడిగింది రెండోది. నేను రెండోదానికి మొదటిదాని జవాబు రాశాను. మట్టిలో కూరుకుపోయిన దాని అడుగు, దాని మీద పట్టిన నాచు, అది ఎవరిదో పిల్లలకు కూడా తెలిసి ఉండటం, ఇవన్నీ రుజువులు. పురావస్తు శాఖ తవ్వి తీస్తే చరిత్ర అని ఒప్పుకునే నేను, కోయ ముసలమ్మ చూపిస్తే మూఢత్వం అన్నాను. కొత్త జీపుకు నిమ్మకాయలు కట్టే ఆఫీసులకు ఎన్నో అర్జీలు రాశాను. ఆ నిమ్మకాయల గురించి ఒక్క అర్జీలోనూ ఒక్క ముక్క రాయలేదు. నా నిప్పులన్నీ బలహీనురాలి వాక్యం మీదే పోశాను.

సభ్యురాలికి చెప్పాను.

"మా నాయన బొగ్గుబాయి పనికి వచ్చినంక మా ఇంట్ల రాళ్లు నిలుపుడు బందయింది," అంది. "మా నానమ్మది ఉన్నదంట యాడ్నో. నాకు తెల్వది. నాకు తెలిసుండాలె సార్. మీకు దేవుడు లేడు, నాకొకడున్నడు, ఆమెకు రాళ్లున్నయ్. అర్జీ ఎవలిది? ఆమెది. మన ఇద్దరిది కాదు."

అప్పీలు వేయవచ్చు. గడువు ఉంది. ఆమె వేలిముద్ర కావాలి. కానీ ఆ తర్వాత రెండు నెలలు "పోయిన నెల కానోళ్లు" అని పిలిస్తే ఆమె రాలేదు. రెండో నెల మేమే వెళ్లాం.

ఇంటి చూరు కింద చింతపండు కొడుతోంది. కూర్చున్నది పీట మీద కాదు. పొడుగాటి రాయి మీద. కొత్తగా తెచ్చిన రాయి, ఒక పక్క వాగు తడి ఆరిన గుర్తు ఉంది.

"ఇదేంది అవ్వా?" అని సభ్యురాలు అడిగింది.

"నాది," అంది. గింజ తీసి పక్కన వేసింది. "మావోళ్లను తెమ్మన్న. ఆడికి పోనియ్యరు గద. ఈడ్నే నిలుపుమన్న, ఇంటెన్క." ఇంకో కాయ కొట్టింది. "ఆయన ఆడ, నేనీడ. ఏం జేస్తం."

నేను చెప్పాను. ఆ రోజు ఆమె చెప్పిన రాళ్ల మాట రాసి కొట్టివేశానని, అది ఉండి ఉంటే చేను వచ్చి ఉండేదేమోనని, తప్పు నాదని. ఇన్నేళ్లు ఎందరినో నిలదీశాను. నేను అట్లా చెప్పడం అదే మొదటిసారి. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీకు సదువున్నది గద సారూ," అంది. "తెలుసనుకున్న."

అంతే. చింతపండు కొట్టడం ఆపలేదు. మనవరాలు నీళ్లు తెచ్చి ఇచ్చింది. మేం తాగాం. అప్పీలు గురించి సభ్యురాలు చెబుతుంటే వింటున్నదో లేదో తెలియలేదు. "వద్దు బిడ్డా, నడిసి నడిసి మోకాళ్లు పోయినయ్," అంది ఒకసారి. ఇక లేద్దామనుకుంటుండగా చేయి కడుక్కుని వచ్చి నా ముందు కూర్చుంది.

"ఈసారి కాగితంల ముందుగాల వాళ్లను పెట్టు. ఆ తర్వాత నన్ను పెట్టు," అంది.

రాళ్లను చూసి రాయాలన్నాను. చూడకుండా ఇక ఒక్క అక్షరం రాయనన్నాను. ఆమె మరిది కొడుకు ముందు నడిచాడు. కందకంలో ఒక చోట లోతు మోకాలి దాకా కూడా లేదు. "దాటేటట్టు తవ్వినం అన్న గద," అని నా వైపు చూసి కన్ను గీటాడు. అతనూ సభ్యురాలూ ముసలావిడను చెరొక చేయి పట్టుకుని దాటించారు. చేనులోకి చెప్పులతో రావద్దంది. సభ్యురాలు విప్పింది. నేనూ విప్పాను.

టేపు పట్టి ఒక్కొక్క రాయి ఎత్తు కొలిచాను. ఎవరిదో ఆమె చెప్పింది, ఆమె చెప్పినట్టే రాశాను. కొడుకు రాయి మీది దుమ్ము ఆమె కొంగుతో తుడిచింది. భర్త రాయికీ కొడుకు రాయికీ మధ్య ఒక మనిషి వెడల్పు ఖాళీ ఉంది. అక్కడ గడ్డి పీకి శుభ్రంగా ఉంచినట్టు కనిపించింది. మొక్కలు నాటడానికి తవ్విన గుంతల వరస ఆ ఖాళీకి రెండు మూరల దూరం దాకా వచ్చి ఆగింది. దాన్ని కూడా రాశాను.

అప్పీలు వెళ్లింది. అప్పటి నుంచి ప్రతి నెలా రెండో సోమవారం మొదటి పిలుపు ఆమెదే. ఆమె మోకాళ్లు రానివ్వవు కాబట్టి మనవరాలు వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. మేం ఏం చెబుతామో ఆ పిల్లకు ముందే తెలుసు. సభ్యురాలి పదవీకాలం త్వరలో ముగుస్తుంది. ముగిసినా వరండా బందు పెట్టనంటుంది. విచారణకు పిలిచినప్పుడు బంధువులు కాని పెద్దల వాంగ్మూలాలు కావాలంటున్నారు. ఆ చేను ఎన్నేళ్లుగా ఆమెదో కళ్లతో చూసి చెప్పేవాళ్లు కావాలి.

ఆ చేనునూ అట్లాంటి చేలనూ చూసినవాళ్లు అడవిలో మాత్రమే లేరు. ఇది చదువుతున్న మీలోనూ ఉన్నారు. ఆ గూడేల బళ్లలో పాఠం చెప్పి బదిలీ అయిన టీచర్లు మీరే. పిల్లలకు సూదులు వేయడానికి ఆ చేల గట్ల మీద నడిచిన నర్సులు మీరే. ఓటర్ల లిస్టు రాయడానికి ఆ ఇప్పచెట్ల కింద కూర్చుని జావ తాగింది మీరే. అక్కడ నిలువు రాళ్లు చూసి, ఇవేమిటని అడిగి, జవాబు విని, మర్చిపోయింది మీరే. గుర్తు తెచ్చుకోండి. ఏ ఏడు, ఏ చేను, ఎవరు దున్నుతుంటే చూశారో కాగితం మీద పెట్టి సంతకం చేయండి. ఈ హక్కుల అర్జీలను ముందుగా విచారించేది గ్రామసభే కాబట్టి, ఈ నెల మీకు దగ్గరలో ఏ గ్రామసభ జరిగితే ఆ సభకు వెళ్లి, మీ నోటితో చెప్పండి. రాయడం వచ్చినవాళ్లు పెన్ను తెచ్చుకోండి. ఆమె రాయి ఇంకా చూరు కింద పడి ఉంది, అది ఇంటి వెనక నిలబడక ముందే రండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. మీకు నచ్చని మాట వచ్చినప్పుడు, నా లాగా, కొట్టివేయకండి.